గొంగడి కింద కురుమూర్తి బావ

మా బావ కురుమూర్తి రాయి కనిపిస్తే గొంగడి కప్పేవాడు. చలికి వణికే పసిబిడ్డకు కప్పినంత శ్రద్ధగా, రాయికీ తనకూ కలిపి కప్పేవాడు. అదీ మే నెలలో, గద్వాల ఎండలో, మిట్టమధ్యాహ్నం. దూరం నుంచి చూసేవాళ్ళకు గుట్ట మీద ఒక నల్లని మూట, దాని అంచు కింద రెండు అరిగిన చెప్పులు మాత్రమే కనిపించేవి. మూటలోంచి గొంతు వినబడేది.

"చెప్పు బిడ్డా, ఎంత వేడి చూసినవ్?"

అది రాయిని అడగడం.

ఆయన వనపర్తిలో డిగ్రీ కాలేజీ లెక్చరరు. పాఠం భూగర్భశాస్త్రం. మా రేఖక్కను చేసుకున్నాడు కాబట్టి నాకు బావ. నేను గద్వాలలో తెలుగు పంతులును, అప్పుడప్పుడు కథలు రాస్తాను. మా ఇద్దరి వృత్తుల గురించి బావకు ఒక స్థిరమైన అభిప్రాయం ఉండేది. "నీవు మాటలకు అర్థం చెప్తవు, నేను రాళ్ళకు చెప్త. నా పనే నయం బామ్మర్దీ. రాళ్ళు తిరిగి ఉత్తరాలు రాయవు," అనేవాడు. నా కథలకు వచ్చే ఉత్తరాలు ఆయన చదివాడు మరి.

గొంగడి వాళ్ళ నాయినది. సొంత గొర్రెల ఉన్నితో నేయించుకున్న నల్ల గొంగడి. నాయిన పోయాక అన్నదమ్ములు గొర్రెలు పంచుకుంటే ఈయన గొంగడి అడిగి తీసుకున్నాడు. అన్నలు జాలిపడి ఒక మేకపిల్లను కూడా ఇవ్వబోయారట. "వద్దన్నా, దాని కింద చీకటుండదు," అన్నాడట ఈయన.

చీకటి ఎందుకంటే, మిషన్ కోసం. హైదరాబాదులో ఏదో పరిశోధనశాల కొత్త మిషన్ కొనుక్కుని, తన పాతదాన్ని బావకు ఇచ్చేసింది. ఇటుకంత ఉంటుంది. దాన్ని దూది పరిచిన పెద్ద స్టీలు డబ్బాలో పెట్టుకుని తిరిగేవాడు. ఆ డబ్బా చూసి బస్సులో పక్కనున్న వాళ్ళు "ఏం కూర సారూ?" అని అడిగేవాళ్ళు. "లేజరు," అనేవాడు బావ. వాళ్ళు కొంచెం జరిగి కూర్చునేవాళ్ళు.

ఆ మిషన్ సంగతి నాకు అర్థమయ్యేలా ఆయన చెప్పిన తీరు ఇది.

"గుట్టల నల్లరాయి ఉన్నది గద. ఒకప్పుడు అది నీళ్ళ అడుగున బురద. అందుల కార్బన్ ఉండె, పెబ్బేరు సంతల జనం లెక్క, ఒకడు ఇటు, ఒకడు అటు. ఆ బురద భూమి లోపటికి పోయి ఉడికింది, నలిగింది. వేడి పెరిగినకొద్దీ ఆ కార్బన్ బడిపిల్లల ప్రార్థన లెక్క వరుసల నిలవడ్డది. మళ్ళ పైకొచ్చి సల్లారింది. కానీ వరుస చెడలే. ఎంత వేడి చూసిందో గంత వరుస."

"అది నీకెట్ల తెలుస్తది?"

"లేజరు ఏస్త. పోయిన వెలుతురంతా పోయినట్టే వాపసొస్తది. అందుల ఒక్క పిసరు మాత్రం రంగు మారి వస్తది. గదే రాయి జవాబు. మిషన్‌ల గీత పడుతది, గీతల రెండు కొండలు లేస్తయి. ఒకటి అల్లరి కొండ, ఒకటి బుద్ధి కొండ. అల్లరి కొండ ఎంత పండుకుంటే రాయి గంత వేడి చూసినట్టు."

"మరి గొంగడి?"

"ఆ జవాబు చానా మెల్లగుంటది బామ్మర్దీ. ఎండ పడితే మునిగిపోతది."

రూపాంతర శిలల గురించి నాకు తెలిసింది ఇంతే. నా తర్వాతి జీవితానికి ఇది సరిపోయింది.

గొంగడిలోకి ఆయన ఒక్కడే వెళితే ఈ వ్యాసం రాసే పని లేకపోయేది. పక్కన ఎవరో ఒకరు ఉండాలి. కొందరిని కాసేపు తేరిపార చూసి, "జర వైరు పట్టుకో దా," అని పిలిచేవాడు. పిలిచాక తప్పించుకున్నవాడు లేడు. లోపలికి దూరగానే చేతిలో ఒక వైరు పెట్టేవాడు. "గట్టిగ పట్టు. కదిలితే రీడింగు పోతది. లేజరు కండ్లకు మంచిది కాదు, మూసుకో," అనేవాడు. ఇక లోపల చీకటి, ఉన్ని వాసన, పక్కన బావ మోకాలు. వైరు రెండో కొస ఆ చీకట్లో ఎటు పోయేదో ఎవరికీ తెలియదు. బావ రాయిని అడిగేవాడు, "చెప్పు బిడ్డా, ఎంత వేడి చూసినవ్?" తర్వాత ఉలుకూ పలుకూ ఉండేది కాదు. రాయి తీరిక చూసుకుని చెప్పాలి కదా.

ఆ నిశ్శబ్దం మామూలు మనిషి భరించేది కాదు. రాయికన్నా ముందు మనిషే మాట్లాడేవాడు. బయటికి వచ్చేటప్పుడు ముఖమంతా తడి. "లోపట ఉడక," అనేవాళ్ళు అందరూ ఒకే మాటగా.

పెబ్బేరు సంతలో జరిగింది చెబుతాను. అక్కడ ఎడ్ల బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకూడదని. బావ సంతకు వెళ్ళింది చెప్పులు కుట్టించుకోవడానికి. అక్కడ ఎల్లన్న అనే రైతు తన ఎద్దును ఒక రాతి గుంజకు కట్టేసి దిగాలుగా నిలబడి ఉన్నాడు. గుంజలో మిరపగింజలంత ఎర్రటి పలుకులు. బావ కళ్ళు మెరిశాయి.

"అన్నా, జర వైరు పట్టుకో దా."

ఇద్దరూ గొంగడిలోకి దూరారు. గుంజా, ఎద్దు తలలో సగమూ కూడా లోపలే.

సంత మొత్తం ఆగిపోయింది.

"అరే, తువ్వాల సాలక గొంగడి కప్పుకున్నరు! ఎంత పెద్ద బేరమో!"

"ఎద్దును గుడ లోపటికి గుంజిండ్రు చూడు. దాన్ని గుడ అడుగుతుండ్రేమో!"

"కొనేటోడు ఎవడు?"

"తెల్వదు. చెప్పులైతే తెగినయి. ఉన్నోడే అయుంటడు."

దళారులు చుట్టూ మూగారు. లోపలినుంచి ఎల్లన్న గొంతు మాత్రం సన్నగా వినిపిస్తోంది. చాలాసేపటికి గొంగడి లేచింది. ఎల్లన్న మొహం తుడుచుకుంటున్నాడు.

"ఎంతకు తెగింది?" అన్నాడు దళారి.

"దీన్ని అమ్మను," అన్నాడు ఎల్లన్న. ఎద్దును విప్పుకుని, దాని మెడ మీద చెయ్యి వేసి, వచ్చిన దారినే పోయాడు. జత ఎద్దు చచ్చిపోతే ఒంటరి ఎద్దును చూడలేక అమ్మడానికి తెచ్చాడని మాకు తర్వాత తెలిసింది. దళారి బావ మీద పడ్డాడు.

"ఏం సారూ, మంచి బేరం చెడగొడితివి! లోపట ఏమన్నవ్ వాణ్ణి?"

"నేనేమన్లే అన్నా. రాయిని ఎంత వేడి చూసినవ్ అన్న, గంతే."

"మరి గా రాయేమన్నది?"

"ఎద్దు ముక్కు అడ్డమొచ్చింది. రీడింగు రాలే."

నల్లగుట్ట మీద పోలీసులు పట్టుకున్నది ఇంకో కథ. నల్లగుట్ట గద్వాల దగ్గర ఎత్తైన నల్లరాతి వరుస, బావకు ప్రాణం. మా వైపు గుట్టల్లో గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ళ బెడద ఉంది. గుట్ట మీద గొంగడి కప్పుకుని ఎవరో రాయితో మాట్లాడుతున్నాడంటే నమ్మకపోవడానికి ఏముంది? కొత్తగా వచ్చిన ఎస్సై జగదీశ్ కానిస్టేబుళ్ళతో గుట్టెక్కాడు. ఆ రోజు సెలవు కావడంతో నేనూ అక్కడే ఉన్నాను.

"ఎవడ్రా లోపట? బయటికి రా!"

"జర ఆగుండ్రి సార్, రీడింగొస్తుంది," అంది గొంగడి.

"ఏం తవ్వుతున్నవ్?"

"తవ్వుతలేను సార్. అడుగుతున్న."

"ఎవల్ని?"

"రాయిని."

ఎస్సై ఒక్క గుంజు గుంజాడు. లోపల కొబ్బరికాయ లేదు, పసుపు లేదు, గడ్డపార లేదు. ఎస్సైకి నిరాశ కలిగింది.

"నిమ్మకాయలేవి? నిమ్మకాయలు లేకుండ పూజ ఎట్ల చేస్తున్నవ్?"

"తెచ్చిన సార్. ఎండకు షర్బత్ కలుపుకొని తాగేసిన."

నేను మధ్యలోకి వెళ్ళి ఈయన లెక్చరరని, అది లేజరని, నేను బామ్మర్దినని అన్నీ ఒకేసారి చెప్పాను. ఎస్సై వినడం లేదు. బావ మాత్రం ఎస్సై ముఖాన్ని అదే రకంగా తేరిపార చూస్తున్నాడు.

"సార్, జర వైరు పట్టుకుంటరా?"

ఆశ్చర్యం, ఎస్సై టోపీ తీసి కానిస్టేబుల్ చేతిలో పెట్టి లోపలికి దూరాడు. మేమంతా ఎండలో నిలబడ్డాం. కానిస్టేబుల్ టోపీని కొబ్బరిచిప్పలా రెండు చేతులతో పట్టుకుని గొంగడి వైపే చూస్తున్నాడు. "ఇగ గంట దాటుతుంది, పోయి చూడాల్నా?" అన్నాడు నాతో గుసగుసగా.

బయటికి వచ్చిన ఎస్సై కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "లోపట బాగ ఉడక," అని ఎవరూ అడగకుండానే చెప్పాడు. ఆ తర్వాత కల్వకుర్తికి బదిలీ అయ్యేదాకా వీలైన ప్రతి ఆదివారం మామూలు బట్టల్లో గుట్టెక్కి వైరు పట్టాడు. బదిలీ రోజున స్టేషన్ వాళ్ళు ఆయనకు శాలువా కప్పితే, "ఇంకొంచెం మందంగుండాలె," అన్నాడట.

నేను ఎవరికన్నా ముందే వైరు పట్టినవాణ్ణి. మా అమ్మ పోయిన వేసవిలో బావ నన్ను నల్లగుట్టకు తీసుకుపోయాడు. చేతిలో వైరు పెట్టి, రాయిని అడిగాడు. రాయి చెప్పలేదు. నేను చెప్పాను. అమ్మ నా మొదటి కథ చదివించుకుని విని, "అంతా మంచిగనే ఉంది గానీ, గా అవ్వకు బువ్వ పెట్టలేదేంది?" అన్న సంగతి దగ్గర మొదలుపెట్టి ఎక్కడికో పోయాను. చివరికి బావ గొంగడి ఎత్తి, నా భుజం తట్టాడు.

"ఏం పట్టుడు పట్టినవ్ బామ్మర్దీ! ఒక్క నలుసు కదల్లే. రీడింగు మస్తుగొచ్చింది. పాలమూరు మొత్తంల నీ అంత మంచిగ వైరు పట్టెటోడు లేడు."

ఇన్నేళ్ళ పంతులు పనిలో, ఇన్ని కథల్లో నాకు ఇంత సూటి ప్రశంస దక్కలేదు. దాన్ని దాచుకున్నాను. కొత్తవాళ్ళు లోపలికి దూరుతుంటే, "వేళ్ళు గట్టిగ బిగించాలె, శ్వాస మెల్లగ తీయాలె," అని బయటి నుంచి మెళకువలు చెప్పేవాణ్ణి. నాకు ఆ విద్యలో ఒక స్థాయి ఉందని నా నమ్మకం.

ఇంట్లో మా అక్క బాధలు అక్కవి. బావ ఇత్తడి బిందెలు తోమనిచ్చేవాడు కాదు. చొక్కా ఇస్త్రీ చేయనిచ్చేవాడు కాదు.

"రుద్దితే అబద్ధం చెప్తది రేఖా," అనేవాడు.

"ఏంది, బిందెనా?"

"ఏదైనా."

దీనికి కూడా ఆయన దగ్గర శాస్త్రం ఉంది. ఆ నల్లరాయిలో వరుసకట్టిన కార్బన్ చాలా మెత్తన. పైపై మెరుగు పెడితే వరుస చెదిరిపోతుంది. అల్లరి కొండ మళ్ళీ లేస్తుంది. పెద్ద వేడి చూసిన రాయి, ఏమీ చూడనట్టు తక్కువ చెబుతుంది. అందుకని ఆయన పెళ్ళిళ్ళకు కూడా నలిగిన చొక్కాతోనే వచ్చేవాడు. "ఏంది బావా ఇది?" అంటే, "అసలు రీడింగు," అనేవాడు.

ఇక సుప్రియ సంగతి. నేను గర్వంగా చెప్పుకునేది ఇదే.

సుప్రియది అమ్రాబాద్ వైపు పల్లె. నాయిన అబ్రహాం, కన్న అవ్వ మరియమ్మ ఏటా దసరా దాటగానే మేస్త్రీ వెంట పూణెకో ముంబైకో మట్టిపనికి పోయేవాళ్ళు. ఆ పిల్ల హాస్టళ్ళలో చదివి, వనపర్తిలో బావ దగ్గర డిగ్రీ చేసి, హైదరాబాదులో పరిశోధనకు చేరింది. తీసుకున్న విషయం నల్లగుట్టే. ఆ గుట్ట నాలుగువందల డిగ్రీల వేడి చూసి ఉంటుందని అంతకుముందు రాసినవాళ్ళ అంచనా. ఐదువందల యాభై దాటిందని బావ వాదన. చేతిమిషన్ లెక్కను పెద్దవాళ్ళు ఒప్పుకోరు. పెద్ద ల్యాబులో, సన్నటి రాతి బిళ్ళల మీద తేల్చాలి. తేల్చే పని సుప్రియది.

తేల్చింది. నాలుగువందలే వచ్చింది. మళ్ళీ చూసింది. మళ్ళీ అంతే. పరిశోధన కమిటీ ముందు నిలబడే రోజు దగ్గరపడింది. ఒక పొద్దున పిల్ల సంచీ భుజాన వేసుకుని నేరుగా నల్లగుట్టకే వచ్చేసింది.

"సార్, నేను మానేస్తున్న. నాయిన మేస్త్రీతోని మాట్లాడిండు. పూణె పోత."

"రీడింగు ఎంతొచ్చింది?" అన్నాడు బావ.

ఆమె చెప్పింది. తల ఎత్తలేదు. "మీ మాట తప్పని నా చేత్తోని ఎట్ల రాస్త సార్? నాతోని కాదు."

"ఓసి పిచ్చిదానా. తప్పయితే తప్పని రాయి. రాయికంటే నేను పెద్దనా?"

"మీ తప్పు కాదు సార్. నాకే చాతనైతలేదు. గా ల్యాబుల అందరు మంచిగ చేస్తరు. నాకే రాదు. మా ఇంటోళ్ళకు ఈ పని కాదేమో."

బావ మొహంలో నవ్వు పోయింది. ఆ మొహం నేను అంతకుముందు చూడలేదు. మరుక్షణం అదే పాత పాట.

"సరే, పూణె రేపు పోదువు గానీ. జర వైరు పట్టుకో దా."

ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. గొంగడి లేవకుండా అంచు మీద నేను కూర్చున్నాను. కాబట్టి లోపలి మాటలు నాకు వినబడ్డాయి.

"చెప్పు బిడ్డా, ఎంత వేడి చూసినవ్?"

చాలాసేపు ఏమీ లేదు. గుట్ట కింద ఎవరిదో ట్రాక్టరు పోయింది. తర్వాత సుప్రియ గొంతు మొదలైంది. హాస్టలు, పండగలకు ఇళ్ళకు పోయే పిల్లలు, తాళం వేసిన తమ ఇల్లు. పూణె నుంచి వచ్చినప్పుడల్లా అవ్వ చేసే మొదటి పని, తన యూనిఫారం బండ మీద రుద్ది రుద్ది ఉతకడం.

"పెద్దసార్ల ముందట మాసిపోయి నిలవడొద్దు బిడ్డా అంటది మా అవ్వ. ఉన్నది ఒక్క జతనైనా తళతళ ఉండాలె అంటది. మొదటిరోజు ల్యాబుకు పోయినప్పుడు నా బిళ్ళలు అందరి తీరుగ లేకుండె, గరుకుగుండె. నాకు సిగ్గయింది సార్. రాత్రింబవళ్ళు కూసొని రుద్దిన. అద్దం లెక్క చేసిన. నా మొహం కనవడేది అందుల. ఎవ్వరివి గంత మెరవలే సార్. గయినా..."

గొంగడి ఒక్కసారి ఎగిరింది. అంచు మీదున్న నేను బోర్లా పడ్డాను.

"ఏమన్నవ్? రుద్దినవా?"

బావ గొంగడితో సహా లేచి నిలబడ్డాడు. నడుస్తున్న గుడారంలా ఉన్నాడు.

"అద్దం లెక్క రుద్దినవా? మొహం కనవడెదాకా? మంచిగ మెరిసిన నల్ల పలుకు చూసి దాని మీదనే లేజరు ఏసినవా?"

"అవ్ సార్. గదే గద మంచిగున్నది."

"అరెరెరే! నీ పెండ్లికి తోము బిడ్డా బిందెలు! రాయిని ఎందుకు తోమినవ్? దాని వరుసంతా చెదిరింది. అది నాలుగువందలు అనక ఏమంటది!"

సుప్రియ నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ఆ పిల్ల ముఖంలో జరిగినదాన్ని నేను రాయలేను. రాళ్ళకు అలా జరగడానికి కోట్ల ఏళ్ళు పడతాయట.

"పైకి తేలింది చూడకు," అన్నాడు బావ, గొంగడిలోంచి తల బయటపెట్టి. "అద్దం లెక్కుండే తెల్ల పలుకుంటది గద, దాని కింద దాగిన నలుపు ఉంటది. దాన్ని ఎవరు ముట్టలే. లేజరు జర తగ్గియ్యి, మెల్లగ అడుగు. ఇగ పో. పూణె కాదు, హైదరాబాద్ పో."

సుప్రియ కొత్త బిళ్ళలు కోసింది. కొన్నాళ్ళకు బావకు ఫోను వచ్చింది. స్పీకరు పెట్టకుండానే ఆ కేక వీధిదాకా వినిపించింది.

"సార్! అల్లరి కొండ పండుకున్నది! ఐదువందల డెబ్బై!"

బావ ఫోను పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళి, "రేఖా, ఇయ్యాల బిందెలు తోముకో," అన్నాడు. అక్క ఆ అవకాశాన్ని మళ్ళీ దొరకదన్నట్టు వాడుకుంది.

సుప్రియ వైవాకు మేమంతా హైదరాబాదు వెళ్ళాం. ఏసీ హాలు. తెర మీద "నల్లగుట్ట, గద్వాల" అని అక్షరాలు పడ్డాయి. పిల్ల తన పొరపాటును దాచలేదు. రుద్దిన రాయి గీత ఒకవైపు, రుద్దని రాయి గీత ఒకవైపు తానే చూపించింది. ఎందుకు రుద్దిందో కూడా చెప్పింది. బయటి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు కళ్ళద్దాలు తీసి, "ఈ భాగమే అన్నిటికన్నా నాకు నచ్చింది," అన్నాడు. బావ లేచి చప్పట్లు కొట్టాడు. ఇంకా ప్రశ్నలు మిగిలి ఉన్నాయని పక్కవాళ్ళు కూర్చోబెట్టారు. మళ్ళీ లేచాడు. మళ్ళీ కూర్చోబెట్టారు.

అబ్రహాం ఏసీకి వణుకుతున్నాడు. బావ తన గొంగడి సగం ఆయన మీద కప్పాడు. ఆ గొంగడి చలికి పనికిరావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"మా బిడ్డ ఏం చెప్తుంది సారూ?" అన్నాడు అబ్రహాం గుసగుసగా.

"మన రాయి మస్తు వేడి చూసిందని చెప్తుందన్నా."

"గది చెప్పనీకె ఇన్నేండ్లు సదవాల్నా?"

"గదే నేను గుడ అనుకుంటున్న."

ఇద్దరూ గొంగడి మూతికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

పోయిన శ్రావణంలో ఒక పొద్దున బావ నిద్రలేవలేదు. ముందు రోజు సాయంత్రం కూడా గుట్ట మీద ఉన్నాడు. నాకు ఇప్పటికీ ఆయన సెల్లు నంబరు చూడకుండా వచ్చు. స్నానం చేయించేటప్పుడు ఎవరో గట్టిగా రుద్దుతుంటే, మా అక్క ఏడుపు ఆపి, "మెల్లగ రుద్దుండ్రి. ఆయనకు నచ్చదు," అంది. చుట్టూ ఏడుస్తున్నవాళ్ళంతా నవ్వారు. ఆయన చావులోనూ అట్లాగే నవ్వించాడు.

సుప్రియ ఇప్పుడు వనపర్తిలో, బావ చెప్పిన తరగతులకే పాఠం చెబుతోంది. మిషన్ ఆమెకే ఇవ్వాలని అక్క నిర్ణయించింది. మొన్న ఆదివారం పిలిచాం. అక్క ఇంట్లో చాప మీద డబ్బా, గొంగడి, చక్కగా చుట్టలు చుట్టిన వైరు పెట్టాను. వైరు అప్పగించడం మాటలతో అయ్యే పని కాదు కనుక, నేనే పాఠం మొదలుపెట్టాను.

"చూడు సుప్రియా, మిషన్ సంగతి నీకు తెలుసు. వైరు సంగతి వేరు. బొటనవేలు పైన ఉండాలె. శ్వాస మెల్లగ. మీ సారు నన్ను ఏమనేటోడో తెల్సా..."

సుప్రియ అక్కవైపు చూసింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సార్," అంది సుప్రియ మెల్లగా, "ఈ మిషన్‌కు వైరు ఉండదు."

"ఉండదంటే?"

"బ్యాటరీది సార్ ఇది. వైరు పెట్టే జాగనే లేదు, చూడుండ్రి."

మిషన్ ఇటు తిప్పాను, అటు తిప్పాను. నున్నగా ఉంది.

"మరి ఇదేంది?"

"మన పాత టేపురికార్డరుది," అంది అక్క. "పాటలు ఆగిపోయినయని నేను ఎన్ని దినాలు ఎతికిననో!"

వైరు రెండు కొసలూ తిప్పి చూశాను. "నీవు గుడ పట్టుకున్నవ్ గద సుప్రియా! ఆ దినం నేను ఆడనే ఉన్న!"

"పట్టుకున్న సార్."

"వైరు ఉండదని తెల్సి గుడనా?"

"తెల్సే. ల్యాబుల గిసొంటియే ఉండె. ఆ దినం మిషన్ ఆన్ గుడ చెయ్యలే సార్. ఆన్ చేస్తే కుయ్యిమంటది గద, ఇనవడలే." ఆమె వైరు చుట్టను వేలితో సర్దింది. "సారు పట్టుకోమన్నడు. పట్టుకున్న."

వెంటనే కల్వకుర్తికి జగదీశ్ గారికి ఫోను చేశాను. ఒక సాక్షి అయినా నా వైపు దొరకాలి కదా.

"ఎస్సై గారూ, మీరు పట్టుకున్నారే, ఆ వైరు..."

"వైరా?" ఆయన పెద్దగా నవ్వాడు. "నాకిచ్చింది ఆయన సంచీ తాడు సార్. పోలీసోణ్ణి, వైరుకూ తాడుకూ తేడా తెల్వదా నాకు?"

"మరి ప్రతి ఆదివారం వచ్చారు!"

"వచ్చిన. మా పెద్దకొడుకు చనిపోయిన ఏడు గది. ఇంట్ల ఎవ్వరి ముందట నోరు తెరవలేకుంటి. ఆ తాడు ఉంటే నాకు పంపిస్తరా?" అన్నాడు.

ఎల్లన్నకు కబురు పంపితే ఇంకా ఘోరం. ఆయన చేతిలో బావ పెట్టింది ఆయన సొంత ఎద్దు పగ్గమేనట.

అంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లో ఆ వైరు నిజమని నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే. అది కూడా ఇన్నేళ్ళు. మెళకువలు చెబుతూ.

అక్క నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నేను మొహం గంటు పెట్టుకుని వైరు తీసి పక్కన పడేయబోయాను. సుప్రియ నా ముఖాన్ని తేరిపార చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. ఒక్క మనిషికే ఉండేదది అనుకున్నాను.

"సార్," అంది గొంగడి విప్పుతూ, "జర వైరు పట్టుకోండ్రి."

"రాయేది?" అన్నాను.

అక్క వంటింట్లోంచి పొత్రం తెచ్చి చాప మీద పెట్టింది. "రీడింగు వచ్చెదాకా బయటికి రాకుండ్రి. చాయ్ పెడుత."

గొంగడి మీద పడింది. అదే చీకటి, అదే ఉన్ని వాసన. మిషన్ కుయ్యిమనలేదు. చేతిలో వైరు పెట్టి, "కండ్లు మూసుకోండ్రి," అంది సుప్రియ. తర్వాత ఏమీ అనలేదు.

నేను పట్టుకున్నాను. బొటనవేలు పైన ఉంచి, ఒక్క నలుసు కదలకుండా. పాలమూరు మొత్తంలో నా అంత బాగా పట్టేవాడు లేడు.